పెద్దమ్మ ఉతికిన చొక్కా

నా చిన్నప్పుడు అంటే మరీ నిక్కరు తొడిగే వయసు కాదు, డిగ్రీ మొదటి ఏడు. అరవై దాటినవాడికి పద్దెనిమిదేళ్ళ వయసు కూడా చిన్నతనమే కదా. ఆళ్ళగడ్డ దగ్గరి మా ఊరి నుంచి ట్రంకుపెట్టె మోసుకొచ్చి నంద్యాలలో హాస్టల్లో చేరాను. అంతకు రెండు నెలల ముందే కేసీ కాలువలో బాప్తిస్మం తీసుకున్నాను. మా ఇంట్లో ఆ దారి పట్టింది నేనొక్కణ్ణే. అప్పటికి నాలుగేళ్ళ ముందు మా నాయనను బాంబులేసి పడగొట్టి, కొడవళ్ళతో నరికి చంపారు. ఆయన ఒంటిమీది నెత్తురు చొక్కాను మా అమ్మ ఉతక్కుండా గోడమేకుకు తగిలించింది. కొడుకు దాన్ని చూస్తూ పెద్దవాడు కావాలని మా ఇళ్ళలో పట్టింపు. నేను చూసీ చూసీ భయపడి పాస్టరయ్య దగ్గరికి పోయాను.

హాస్టల్లో అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడమే నా తప్పయింది. మొదటి వారంలోనే ఒక సీనియర్ వచ్చి చెంప ఛెళ్ళుమనిపించి, "ఇంగో చెంప గూడా చూపియ్యప్పా, మీ పుస్తకంలో రాసుండాది గదా" అన్నాడు. చూపించాను. అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఇక రోజూ భోజనాల దగ్గర అదే ఆట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేనూ అడిగిందే తడవుగా చెంప తిప్పేవాణ్ణి. ఒక శుక్రవారం మధ్యాహ్నం అతను చేత్తో కాక స్టీలు చెంబుతో కొట్టాడు. కనుబొమ చీలింది. రెండో దెబ్బకు పన్ను ఊడి కంచంలో పడింది. చొక్కా ముందంతా నెత్తురైంది. అప్పుడూ నేను చేయెత్తలేదు.

చేయెత్తలేదని లోపల ఎంత మురిసిపోయానో! నా తెలివి చూడండి. ఆ చొక్కాను కాగితంలో చుట్టి పెట్టె అడుగున దాచాను. శనివారం బస్సెక్కి పోయి ఆళ్ళగడ్డలో మా చిన్నాయన ముందు పరిస్తే చాలు. కొట్టినవాడి పేరొక్కటే ఆయన అడుగుతాడు. సోమవారానికల్లా జీపు నంద్యాలకు వస్తుంది, ఆ సీనియర్ ఉండడు. నేను వాక్యం తప్పినట్టూ ఉండదు, పనీ జరిగిపోతుంది. అదీ నా భక్తి.

శనివారం పొద్దున పెట్టె తీస్తే చొక్కా లేదు. పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర, హాస్టల్లో వంట చేసే, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ముసలామె దాన్ని చన్నీళ్ళలో రుద్దుతోంది. ముందురోజు నా గాయానికి పసుపద్దింది ఆమే. చొక్కా ఇయ్యి, ఉతుకుతానంటే నేను ఇవ్వలేదు. అప్పుడే పసిగట్టి ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అరుచుకుంటూ పోయి చొక్కా లాగాను. ఆమె వదల్లేదు. రెండు చేతులతో ఒక్క తోపు తోశాను. ముసలి ప్రాణం, వెళ్ళి బండమీద పడింది. మోచేయి చీరుకుపోయి నెత్తురు ఆ నీళ్ళలోకే కారింది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మోచేయి పట్టుకుని లేచి కూర్చుంది.

"నా మొగుని చొక్కా నేనూ ఇట్లే దాచినా నాయనా. నా కొడుకు దాన్ని చూసి చూసి కొడవలి పట్టుకొని పోయినాడు. ఇప్పుడు ఇంట్లో రెండు చొక్కాలుండాయి, తొడుక్కునేటోళ్ళు లేరు. మీ దేవుడు ఏం చెప్పినాడో నాకు తెల్దు. నువ్వు మాత్రం దెబ్బ తిని దాచిపెట్టుకుంటాండావు."

అని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. సిగ్గుతో నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రం ఊరికి పోతూ ఆళ్ళగడ్డలో దిగితే, మా చిన్నాయన నా మొహం చూసి ఎవడు కొట్టాడని అడిగాడు. మెట్లమీద పడ్డానన్నాను. "ఆ మెట్టుకు పేరుంటాది గదా, చెప్పు" అన్నాడు. చెప్పలేదు. ఆయన నా చెంప పగలగొట్టి, చేతగాని నాయాలా అని తిట్టి లోపలికి పోయాడు. నేను నిజంగా ఓర్చుకున్న మొదటి దెబ్బ అదే.

సోమవారం ఆ సీనియర్ మళ్ళీ చేయెత్తితే, ఆ చేయి పట్టుకుని, చాల్లేన్నా, అన్నం తిను అన్నాను. ఎందుకో అతను తల దించుకున్నాడు. ఇప్పటికీ బతికే ఉన్నాడు, మనవళ్ళతో బజారులో ఎదురవుతాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ ప్రార్థనకు మోకరిస్తే నాకు ముందుగా కనిపించేది ఆ ముసలామె మోచేయి. తప్పయింది పెద్దమ్మా అనడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది, నేను రోజూ అంటూనే ఉన్నాను.