రెట్టింపు డోసు

"...గుప్పెడు చాలని డబ్బా మీదే రాసుంటే, మొత్తం ఎవరు గుమ్మరించమన్నారు?" అంది మహేశ్వరి.

ఆమె భర్త శివనాగరాజు చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. నరసరావుపేటలో అతనిది పురుగుమందుల దుకాణం. మిరపతోటకు మందు పనిచేయలేదని రైతు వస్తే డోసు పెంచమంటాడు. మళ్లీ వస్తే ఇంకా పెంచమంటాడు. ఎదురు చెప్పినవాడి వైపు చూడను కూడా చూడడు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో ప్రాణమున్న సముద్రపు పగడాలు పెంచుతున్నాడు. మొన్న నీళ్లు పసుపెక్కితే ఫిల్టరులో కార్బన్ గుళికలు డబ్బాడూ పోశాడు. తెల్లారేసరికి నీళ్లు తేటపడ్డాయి. మసక నీళ్లకు అలవాటుపడ్డ పగడాలకు లైటు ఒక్కసారిగా సూటిగా తగిలి, అన్నీ సున్నంలా పాలిపోయాయి. మూలనున్న ఊదారంగుది ఒక్కటే మిగిలింది.

"లైటన్నా తగ్గించండి. అదొక్కటైనా బతుకుద్ది."

"నీ అగరొత్తుల పొగకే చచ్చినయ్యి అవి. ఏంది నువ్వు నాకు చెప్పేది? ఊళ్లో చేలన్నిటికీ నేను చెప్తన్నా."

"ఆ చేలూ చూశాంలే."

అతను గోటితో అద్దం మీద టకటకా కొట్టాడు. ఊదారంగు పగడం ముడుచుకుంది.

"గుంటూరు నుంచి ఇంకో రెండు డబ్బాలు తెప్పిస్తన్నా," అన్నాడు. "రెండూ పోస్తా."