కప్పల పాట

నాలుగు జపాను ముక్కలు వస్తే చాలు, బెంగళూరులో బతుకు గట్టెక్కినట్టేనని నమ్మిన రోజులవి. సాయంత్రం క్లాసులకు వెళ్లి ఆ ముక్కలేవో ఏరుకొచ్చినందుకు, అత్తిబెలె దగ్గర జపాను వాళ్ల ఫ్యాక్టరీ ఒకదానిలో నన్ను దుబాసీగా పెట్టుకున్నారు. దుబాసీ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, నేనూ కాంట్రాక్టు మనిషినే. బోల్టులు బిగించే వాళ్లకీ నాకూ తేడా ఒక్కటే, నా చొక్కాకి నూనె అంటేది కాదు. జపాను నుంచి కంపెనీ పెద్దాయన వస్తున్నాడనీ, ఆయన మనసు కరిగితే కాంట్రాక్టు వాళ్లందరినీ పర్మనెంటు చేస్తారనీ మేనేజరు మమ్మల్ని ఊరించాడు. ఆయన ముందు జపాను పాట పాడించే భారం నా నెత్తిన పడింది.

అక్కడ పిల్లా పెద్దా అందరూ పాడే కప్పల పాట ఒకటి క్లాసులో నేర్పారు. చెరువులో కప్పలు, ఒడ్డున తెల్లకొంగ, మాటిమాటికీ 'కయేరు, కయేరు' అని పల్లవి. కయేరు అంటే కప్ప. (ఇంతకంటే నిరపాయమైన పాట ఉంటుందా, మీరే చెప్పండి.) మా లైన్లో అంతా సీమ నుంచి వచ్చిన తెలుగువాళ్లే, అందరికంటే పాతవాడు కదిరి అన్న. "ఇన్నేండ్లు పాట్లు పడితే కాల్యా, పాట పాడితే అయితాదేమప్పా?" అన్నాడు. అంటూనే అందరికంటే గట్టిగా నేర్చుకున్నాడు.

ఆ రోజు భోజనాల షెడ్డులో గొంతులు చించుకుని అందరం కప్పలమయ్యాం. సగం పాటకే తెల్లచొక్కా పెద్దాయన లేచి, కళ్లు తుడుచుకుంటూ మాతో గొంతు కలిపాడు. పాటయ్యాక నా చెయ్యి పట్టుకుని చెప్పుకొచ్చాడు. కుర్రతనంలో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేస్తే, గేటు ముందు కూర్చుని అందరూ ఈ పాటే పాడారట. కొంగంటే యజమాని. కయేరు అంటే కప్పే కాదు, ఇంటికి పోవడం కూడానట. కొంగ ఇంటికి పొమ్మంటుంది, చెరువే మా ఇల్లని కప్పలు కదలవు. పిల్లల పాట కాబట్టి పోలీసులు కూడా ఏమీ అనలేకపోయారట. ఇదంతా నేను తెలుగులో చెబుతుంటే కదిరి అన్న మొహం వెలిగిపోయింది. "మనోడేరా! ఇంక మనకేం భయం ల్యా" అన్నాడు.

మర్నాడు అదే షెడ్డులో పెద్దాయన మాట్లాడాడు, నేను తెలుగు చేశాను. వ్యాపారం బాగాలేదట, కాంట్రాక్టు వాళ్లు నెలాఖరు నుంచి రానక్కర్లేదట. ఇంటికి పొమ్మనడానికి ఆయన వాడింది ఆ మాటే, కయేరు. చెప్పి, నడుం దాకా వంగి నమస్కరించాడు. (ఆ మర్యాదను మాత్రం తెలుగు చెయ్యడం నా వల్ల కాలేదు.) నా ఉద్యోగం పోయిందన్న సంగతి కూడా నా నోటితోనే, జీతం పుచ్చుకుని మరీ, నాకే చెప్పుకున్నాను.

కదిరి అన్న టిఫిను డబ్బా చేతికి తీసుకున్నాడు. "కప్పే పెద్దదయి కొంగయితాదని ఆ పాటలో యాడుండాదప్పా?" అని నన్నే అడిగాడు. చెరువే మా ఇల్లని గేటు ముందు మాలో ఒక్కరూ కూర్చోలేదు. కంపెనీ బస్సు వెళ్లిపోతుందని పరుగెత్తాం.

ఇప్పుడు యలహంకలో, చెరువు పూడ్చి కట్టిన ఇళ్లలో మాదీ ఒకటి. వానొస్తే చాలు, గోడ వెనక కప్పలు అందుకుంటాయి. ఇన్నేళ్లయినా అవి ఇంటికి పోలేదు. బస్సు వెంట పరుగెత్తిన ఆ కుర్ర దుబాసీని తలుచుకుని, కిటికీ మూయకుండా కాసేపు నవ్వుకుంటాను.