ముట్టని బయానా

మొన్న ఆదివారం కోకాపేటలో మా మేనల్లుడి ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఎన్నో అంతస్తో నాకెప్పుడూ గుర్తుండదు. లిఫ్టులో మీట వాడే నొక్కుతాడు కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమూ రాలేదు. వాడికి సొంత కంపెనీ ఉంది, ఏం చేస్తుందో నాలుగైదుసార్లు చెప్పాడు గానీ నాకు సగమే బోధపడింది. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి లోపలికెళ్ళి నల్లటి పెట్టె ఒకటి తెచ్చి, అందులోంచి చేతి గడియారం తీసి, ఎంగిలి చేత్తో ముట్టుకోవద్దని నన్ను ముందే హెచ్చరించి, ఇది ఆఫీసుకి పెట్టుకెళ్తే బాగుంటుందంటావా అత్తా, స్టాఫ్ ఏమైనా అనుకుంటారంటావా అని అడిగాడు. వాడి స్నేహితుల్లో దీని మీద పెద్ద చర్చే నడుస్తోందట, క్లయింట్ల ముందు అలాంటి వాచీ ఉంటే కంపెనీకి గౌరవమని కొందరూ, ఉద్యోగుల ముందు ఉంటే కళ్ళు పడతాయని కొందరూ. నీ కష్టార్జితం, నీ ఇష్టం నాయనా అని తప్పించుకున్నాను. వాడి నాన్న, అంటే మా అన్నయ్య, ఆ పక్కనే సోఫాలో కూర్చుని టీవీ వైపు చూస్తున్నాడు. ప్రశ్న తనకు వినిపించనట్టే ఉన్నాడు గానీ, వినిపించిందని నాకు తెలుసు.

ఇంటికి తిరిగొస్తూ కారులో ఆ రోడ్లన్నీ చూస్తుంటే, ఇదే దారిలో అన్నయ్య స్కూటరు వెనక కూర్చుని, నోట్లోకి దుమ్ము పోకుండా కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. మీలో ఆ కాలాన్ని చూసినవాళ్ళకి తెలుస్తుంది, తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఇళ్ళకంటే బండలు ఎక్కువ. ఐటీ కంపెనీల కోసం కడుతున్న ఆ గుండ్రటి టవరు ఇంకా లేస్తూ ఉండేది. చుట్టుపక్కల బండలు పేల్చేముందు ఎవరో ఈల వేసేవాళ్ళు, ఆ ఈల వినగానే మా ఆఫీసులో అందరం లేచి గబగబా కంప్యూటర్ల మీద పాత దుప్పట్లు కప్పేవాళ్ళం. ఇవాళ్టి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, మాది సాఫ్ట్‌వేర్ కంపెనీయే.

అన్నయ్య పెట్టిన కంపెనీ అది, ఒక రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని. మేం తెనాలి వైపు వాళ్ళం. అప్పటికే హైదరాబాదు వచ్చి చాలా కాలమైనా, మా మాట వినగానే ఎక్కడివాళ్ళమో కూరగాయలవాడు కూడా చెప్పేసేవాడు. నేను అక్కడ హాజరు దగ్గర్నుంచి కాఫీ పొడి దాకా చూసుకునేదాన్ని, ఫోన్లు ఎత్తేదాన్ని, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టేదాన్ని. దానికి అన్నయ్య అడ్మినిస్ట్రేషన్ అని పేరు పెట్టాడు, మా వదిన మాత్రం ఇంట్లో చేసే చాకిరీకి కుర్చీ వేశారంతే అనేది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిపెట్టిన పాపానికి, రెండు వేల సంవత్సరం రాకముందే వాటిని సరిచేసే పని అప్పట్లో అందరూ చేసేవాళ్ళు, మేమూ అదే చేసేవాళ్ళం. ఏసీ ఉన్న గది ఒక్కటే, కంప్యూటర్ల గది, దానిలోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. అమెరికా నుంచి ఎవరైనా ఫోను చేస్తే అందరూ వట్టి కాళ్ళతో నిలబడి స్పీకరు చుట్టూ మూగేవాళ్ళు. మధ్యాహ్నం మేడ మీద వరండాలో చాప వేసుకుని క్యారియర్లు విప్పితే, మా గోంగూర హైదరాబాదు పిల్లలకీ, వాళ్ళ పచ్చిపులుసు మాకూ వచ్చేవి, అన్నయ్య కూడా ఆ చాప మీదే.

మా దగ్గర పనిచేసే పిల్లలు అన్నయ్యని సార్ అని పిలిచేవాళ్ళు కాదు. మా వైపు వాళ్ళు అన్నయ్యగారూ అనేవాళ్ళు, ఇక్కడి పిల్లలు అన్నా అనేవాళ్ళు. అలా పిలవడం మొదలుపెట్టింది హఫీజ్‌పేట్ నుంచి వచ్చే ఒక కుర్రవాడు, వాడు నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. వాళ్ళింట్లో గేదెలుండేవి, పాల వ్యాపారం. ఆ ఇంట్లో ఇంజినీరింగ్ చదివిన మొదటివాడు వీడే. అన్నయ్య దగ్గర మొదట చేరింది వాడే, మొదటి టేబులు ఎత్తి లోపల పెట్టిందీ వాడే. బయట వాళ్ళతో మాట్లాడేటప్పుడు మా కంపెనీ అనే మాట అన్నయ్య కంటే వాడి నోట ఎక్కువగా వచ్చేది. అన్నయ్యకి వాడి మీద ఉన్నంత నమ్మకం ఇంకెవరి మీదా ఉండేది కాదు, నా మీద కూడా.

అప్పటికి అన్నయ్య చేతికి ఉన్నది పెళ్ళిలో అత్తగారు పెట్టిన వాచీ. పట్టీ నల్లబడి, గాజు మీద గీతలు పడి, ఎప్పుడూ కాస్త ముందే నడిచేది. అన్న వాచీలో ఆఫీసు అయిపోయింది, మన గోడ గడియారంలో కాలేదు అని పిల్లలు ఆటపట్టించేవాళ్ళు, అన్నయ్య కూడా నవ్వేవాడు. అలాంటిది, ఒక పెద్ద కాంట్రాక్టు కోసం అమెరికా నుంచి మనిషి వస్తున్నాడని తెలిశాక, వ్యాపారంలో తలపండిన మా దూరపు బంధువొకాయన అన్నయ్యని కూర్చోబెట్టి, తెల్లవాళ్ళు ముందు బూట్లు చూస్తారు, తర్వాత మణికట్టు చూస్తారు, ఆ తర్వాతే మన మొహం చూస్తారు అని హితబోధ చేశాడు. దాంతో దుబాయి నుంచి ఎవరిచేతో తెప్పించాడు, బంగారు రంగు గొలుసుతో బరువైన స్విస్ వాచీ. అత్తగారి వాచీ బీరువాలోకి వెళ్ళినందుకు వదిన కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది, ఆవిడకి కారణం కావాలా.

వచ్చిన తెల్లాయన చేతికి రబ్బరు పట్టీ ఉన్న నల్లటి వాచీ ఉంది. అన్నయ్య మణికట్టు వైపు ఆయన చూడనైనా చూడలేదని నేను ఒట్టు పెట్టి చెప్పగలను, కాఫీ ఇచ్చింది నేనే కాబట్టి. ఆయన హఫీజ్‌పేట్ తమ్ముడి పక్కన కూర్చుని, వాడు చేసిన పనే చూసి, వాడినే ప్రశ్నలడిగి, కాంట్రాక్టు ఇచ్చి వెళ్ళాడు. అన్నయ్య మాత్రం అది వాచీ మహిమ అనుకున్నాడు. ఇక దాన్ని విడవలేదు. భోజనాల దగ్గర చెయ్యి కడుక్కునేటప్పుడు తడవకుండా ఎడంచేతిని దూరంగా పట్టుకునేవాడు. చాప మీద కూర్చున్నా ఆ చెయ్యి మాత్రం ఇంకెవరిదో అన్నట్టు ఉండేది.

ఆఫీసున్న ఇంటి ఓనరుది మాదాపూర్ ఊరే. పంచె, తలకి రుమాలు, మేమంతా తాతా అనేవాళ్ళం. కింద ఒక గది తనకోసం ఉంచుకుని, రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరించేవాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో భూములు ఎలా పోయాయో మీకు తెలుసు. నిన్నటిదాకా జొన్న వేసిన మనిషి ఇవాళ బంగారు వాచీతో, కొత్త జీపుతో కనిపిస్తే, అందరూ అడిగే మాట ఒకటే, బయానా ముట్టిందా అని. అంటే భూమి కొనేవాడి దగ్గర అడ్వాన్సు అందిందా, అమ్మేశావా అని. ఒక సాయంత్రం పిల్లలంతా గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే, మెట్లు దిగుతున్న అన్నయ్య చెయ్యి చూసి తాత అలాగే అడిగాడు.

"ఏంది సారూ, చేతికి బంగారమొచ్చింది? బయానా గిట్ల ముట్టిందా ఏంది?"

అన్నయ్య కాంట్రాక్టు వచ్చిన ఉత్సాహంలో ఉన్నాడు. "ముట్టింది తాతా, ముట్టింది. ఇక రిజిస్ట్రేషనే తరువాయి" అని నవ్వి స్కూటరెక్కాడు. నేనూ నవ్వాను. అది హాస్యమని మాకిద్దరికీ తెలుసు. తెలియాల్సినవాళ్ళకి తెలియలేదు. మా వైపు పిల్లలు నవ్వేసి ఊరుకున్నారేమో గానీ, ఆ ఊళ్ళల్లో పుట్టి పెరిగిన పిల్లలకి ఆ మాట మీద హాస్యం ఉండదు. వాచీ చేతికొచ్చాక పొలం పోయిన ఇళ్ళు వాళ్ళ కళ్ళముందే ఎన్నో ఉన్నాయి. తెల్లాయన వచ్చి వెళ్ళడం, వాచీ రావడం, అన్నయ్యే తన నోటితో ముట్టిందని చెప్పడం, మూడూ కలిపి చూసుకున్నారు. కంపెనీ అమ్ముడుపోతోంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం హఫీజ్‌పేట్ తమ్ముడు అన్నయ్య గదికి వచ్చాడు. నా టేబులు ఆ గది గుమ్మం పక్కనే. వాడికి బెంగుళూరులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామని ఎప్పట్నుంచో వెంటపడుతోంది, వాడు ఎప్పటికప్పుడు వద్దంటూ వచ్చాడు, ఈసారి ఆఖరుగా చెప్పమన్నారట. ఈ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది మాత్రం, వాడు కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, కూర్చోకుండా నిలబడటం.

"అన్నా, ఒక్క మాట అడగాలె."

"చెప్పు" అన్నాడు అన్నయ్య, అని వాచీ చూసుకున్నాడు.

ఎవరైనా మాట్లాడబోతుంటే మనం వాచీ చూసుకోవడమంటే, ఇక లేవండి అని చెప్పడమే కదా. మా నాన్న ఇంటికి ఎవరైనా వస్తే ముందు చేతి గడియారం తీసి అలమరలో పెట్టి, ఆ తర్వాతే కుర్చీ వేసేవారు, పొరపాటున కూడా కన్ను దాని మీద పడకూడదని. అన్నయ్య ఆ ఇంట్లోనే పెరిగాడు. కానీ ఆ కొత్త వాచీని అతను మన టైముకి పెట్టుకోలేదు, అమెరికా టైముకి పెట్టుకున్నాడు, అక్కడివాళ్ళకి ఎప్పుడు ఫోను చెయ్యాలో లెక్కలు వేసుకోనక్కర్లేకుండా. వాడు వచ్చి నిలబడిన క్షణంలో అతను చూసుకున్నది, అక్కడ ఆఫీసు తెరిచుంటారా లేదా అని. ఈ సంగతి ఎంతో కాలం తర్వాత అతనే చెప్పాడు నాకు. వాడికది ఎలా తెలుస్తుంది?

"ఏం లేదు సార్. మల్ల మాట్లాడత."

ఆ సార్ అన్న మాట అన్నయ్య చెవిని పడలేదు, అప్పటికే ఫోను అందుకున్నాడు. నా చెవిని పడింది. వాడు నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఎప్పటిలా అక్కా వస్త అని కూడా అనలేదు. ఏదో అలసటలే అనుకున్నాను.

నాలుగు రోజులు తిరక్కుండా వాడు మానేస్తున్నానని చెప్పాడు. ఎందుకు అని అన్నయ్య అడగలేదు. అడిగితే తను చిన్నబోతాననుకున్నాడు. ఇంత చేస్తే ఇలా వదిలిపోతాడా అని లోపల కుళ్ళిపోతూ, పైకి మాత్రం ఎవరి భవిష్యత్తు వాళ్ళది అని చెయ్యి కలిపాడు. వాడూ ఏమీ చెప్పలేదు. అమ్ముకునేవాడికి నేనుంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాడు. ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ ఉన్న ఇద్దరు మనుషులు అంత మర్యాదగా విడిపోవడం నేను మళ్ళీ చూడలేదు. వాడే వెళ్ళిపోయాడంటే నిజమే అయ్యుంటుందని మిగిలిన పిల్లలు ఒక్కొక్కరే సర్దుకోవడం మొదలుపెట్టారు. చాప మీద జాగా మిగిలిపోయేది.

చివరికి తాతే చెప్పాడు. ఇల్లు ఎన్నడు ఖాళీ చేస్తారో జర ముందే చెప్పుండ్రి అని అడగడానికి వచ్చాడాయన. ఎందుకు ఖాళీ చేస్తాం తాతా అని అన్నయ్య తెల్లబోతే, "మీరే అంటిరి గద సారూ, బయానా ముట్టిందని. పోరగాండ్లందరు పరేషాన్ అయిండ్రు" అన్నాడు. అన్నయ్య అప్పటికప్పుడే నన్ను స్కూటరెక్కించుకుని నేరుగా హఫీజ్‌పేట్ వెళ్ళాడు.

రైల్వే స్టేషను అవతల వాళ్ళిల్లు. పిల్లవాడు అప్పటికే బెంగుళూరు వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ గేదెకి నీళ్ళు పెడుతున్నదల్లా, చేతులు చీరకి తుడుచుకుని మంచం వాల్చింది, చల్ల ఇచ్చింది. మేం వచ్చిన పనేమిటో అడగకుండానే చెప్పింది.

"మావోడు పోయే దినం దంక సక్కగ అన్నం తినలే సారూ. అన్న అమ్ముకుంటుండంట, నాకొక్క మాట చెప్పలే అని ఏడ్సిండు."

అన్నయ్య చల్ల తాగలేకపోయాడు. వాచీ ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి వేసి కూర్చున్నాడు. బెంగుళూరు నంబరు తీసుకుని ఆ మర్నాడే ఫోను చేశాడు, అదంతా పొరపాటని చెప్పాడు. వాడు విన్నాడట, సంతోషం అన్నాడట, కానీ అక్కడ సంతకం పెట్టి వచ్చాను, మాట తప్పితే బాగుండదు అన్నాడట. అన్నయ్య పెంచిన పిల్లవాడు ఇంకేం అంటాడు? ఆ తర్వాత కొన్నాళ్ళు పండక్కి పండక్కి ఫోన్లు నడిచాయి, తర్వాత నంబర్లు మారిపోయాయి.

మనుషులు లేని కంపెనీతో ఆ పెద్ద కాంట్రాక్టు సాగలేదు. కొత్త శతాబ్దం మొదలైన ఏడాదికే అన్నయ్య దాన్ని ఇంకొక పెద్ద కంపెనీకి అప్పగించేశాడు. అబద్ధపు బయానా అలా నిజమైంది. ఆ వాచీని తర్వాత నేను అతని చేతికి చూడలేదు. ఏం చేశాడో వదిన కూడా అడగలేదు.

వాచీ పెట్టుకోవడం నేరమని నేను అనను. సంపాదించుకున్నవాడు పెట్టుకుంటాడు, అందులో ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కానీ అన్నయ్య ఆ పిల్లల్లో ఒకడిలా బతికి, హఠాత్తుగా ఒక రోజు వాళ్ళకి అర్థంకాని వస్తువు ఒకటి చేతికి తగిలించుకుని, అది ఎందుకో చెప్పలేదు. చాప మీద కూర్చుని నాలుగు మాటల్లో చెప్పి ఉంటే, వాళ్ళే ఆ వాచీని తలొకసారి పెట్టుకుని చూసి, నవ్వుకుని, మర్చిపోయేవాళ్ళు.

ఇప్పుడు ఆ దారంతా అద్దాల భవనాలే. వాటిలో కంపెనీలు చేతులు మారుతూనే ఉంటాయి. పొద్దున్నే ఫోను చూసుకుంటే తెలుస్తుందట, నిన్నటి యజమాని ఇవాళ లేడని. పిల్లలు ఒకసారి నిట్టూర్చి, పళ్ళు తోముకుని, ఇంకోచోట దరఖాస్తు పెట్టుకుంటారు. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకి ఆ తీరు నేర్పింది మా తరమే. యజమాని చేతికి ఏముందో వాళ్ళు చూడరు, చూసినా అన్నం మానరు. అమ్ముతున్నావా అన్నా అని అడగడానికి ఒకడు వచ్చి, అడగలేక వెనక్కి వెళ్ళిపోయాడని నేను ఇన్నేళ్ళుగా బాధపడుతున్నాను. ఇప్పుడు అసలు అడగడానికి వచ్చేవాళ్ళే లేరు.