ఇన్‌స్టాల్ ఫోల్డరూ, అవ్వ దాచిన కొసలూ

తెలంగాణ వచ్చిన ఆ కొత్త రోజుల్లో మా ఇంట్లో నెట్ సిగ్నలూ నాయిన కోపమూ ఒక్కలాగే ఉండేవి. ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో ఎవరికీ తెలిసేది కాదు. నాకేమో ఆ రెండింటితోనూ పని. పదో తరగతి గట్టెక్కక ఇంట్లో నేతకు నూలు కండెలు చుట్టుకుంటున్న నాకు, నల్లగొండలో కంప్యూటర్ దుకాణం నడిపే మేనమామ ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, చేనేత చీరల మీద ముచ్చట్లు పెట్టుకునే ఫోరం ఒకటి నెట్‌లో పెట్టించాడు. ఎక్కడెక్కడి వాళ్లో అందులో చేరి, మేము నేసిన చీరల ఫొటోలు చూసి, నచ్చితే అడిగేవారు. (నచ్చకపోయినా రాసేవారు. అవి మాత్రం నాయినకు చదివి వినిపించేదాన్ని కాదు.)

ఆ ఏడు గిరాకీ పడిపోయింది. నాయిన పట్టుబట్టి కొత్త డిజైన్‌తో ఒక చీర నేశాడు. "గిది గూడ ఎవ్వరు మెచ్చకుంటే మగ్గం విప్పుత. పట్నంల వాచ్‌మన్ పని ఉన్నదట" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫోరం ఫొటోలు తీసుకోవడం మానేసింది. పాతబడిందని, కొత్త వెర్షన్‌కు మార్చాలని అన్నాడు మామ. తానేమో హాలియాలో పెళ్లి పనుల్లో ఉన్నాడట. ఫైళ్లు ఎక్కించి ఒక పేజీ తెరిస్తే అదే అన్నీ అడుగుతుందని, జవాబిచ్చి కింది బటన్ నొక్కుతూ పొమ్మని ఫోన్‌లో చెప్పాడు.

నొక్కుతూ పోయాను. సగంలో సిగ్నల్ పోతే ల్యాప్‌టాప్ ఎత్తుకొని డాబా ఎక్కాను. పాస్‌వర్డ్ తప్పంటే మళ్లీ కొట్టాను. అన్నం చల్లారుతోందని అవ్వ (నాయిన వాళ్లమ్మ) కిందినుంచి పిలిచినా దిగలేదు. మగ్గం లేకపోతే ఆ గదిలో ఇంకేం మిగులుతుందన్న ఆలోచనే నన్ను కదలనివ్వలేదు. చివరికి పచ్చగీత నిండి, పని అయిపోయిందని వచ్చింది. దాని కింద ఇంకో మాట, ఈ పనంతా చేసిపెట్టిన ఇన్‌స్టాల్ ఫోల్డర్‌ను ఇక తీసేయమని.

అక్కడ ఆగి, తీసేయనా ఉంచనా అని అవ్వను అడిగాను. మా ఇళ్లలో చీరలు నేయడం అయ్యాక పడుగు (నిలువు పోగుల) కొసలను మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చులోనే ఉంచుతారు. కొత్త పడుగు పోగులను వాటికే ఒక్కొక్కటిగా అతుకుతారు. కొస పోయిందా, ప్రతి పోగునూ మళ్లీ మొదటినుంచి అచ్చులోకి ఎక్కించాల్సిందే. అందుకే అవ్వ ఆలోచించనైనా లేదు. "కొస తెంపుతరా బిడ్డ? రేపు ఇంకోటి అతకాల్నంటే ఎట్ల? ఉండనియ్."

ఉండనిచ్చాను. చీర ఫొటోలు ఎక్కించాను. నా ల్యాప్‌టాప్‌లో ఫోరం పెళ్లికూతురులా వెలిగిపోతోంది. కానీ ఒక్కరూ రాయలేదు. మర్నాడూ రాయలేదు. నాయిన వచ్చి నా భుజం మీదుగా చూసి వెళ్లేవాడు. (నచ్చలేదన్న మాటలు దాచడం నాకు వచ్చు. అసలు మాటే లేకపోతే దేన్ని దాచను?) ఆయన వాచ్‌మన్ పని చెప్పినవాడి నంబర్ వెతుకుతుంటే, నేను మామకు ఫోన్ చేశాను. మామ తన ఫోన్‌లో ఫోరం తెరిచి చూసి చాలాసేపు నవ్వాడు.

"షట్టర్ దించుకొని లోపల కూసున్నవ్, గిరాకీ రాలేదంటే ఎట్లనే? గా ఫోల్డర్ ఉన్నంతసేపు నీకు తప్ప ఎవ్వరికి తెరుసుకోదు."

అవ్వ ఒప్పుకోలేదు. ఫోన్ లాక్కొని మామకు పడుగు అతకడం గురించి మొదటినుంచి పాఠం చెప్పింది. అప్పటిదాకా గడపలో నిలబడి వింటున్న నాయిన, చీరలో పువ్వు రావడానికి నూలుకు రంగు అంటకుండా చుట్టే కట్లను గుర్తుచేశాడు.

"అది కొస గాదే అమ్మా, కట్టు అసొంటిది. రంగు ఆరినంక కట్టు విప్పకుంటే పువ్వెట్ల కనపడ్తది?"

అవ్వ ఫోన్ నా చేతిలో పెట్టి, కానియ్యమంది. ఫోల్డర్ తీసేశాను. చాయ్ పొంగేలోపే ఫోరంలో మొదటి మెసేజ్ వచ్చింది: ఇదే డిజైన్ ఎరుపులో ఉందా అని. నాయిన దాన్ని మళ్లీ చదివించుకొని, "ఎరుపెందుకుండదు" అని గొణుక్కుంటూ మగ్గం గదిలోకి వెళ్లాడు. చాయ్ అక్కడికే తెమ్మన్నాడు.

అయితే తీసేసే ముందు, అవ్వ మనసు కష్టపెట్టలేక, ఆ ఫోల్డర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని పాత అచ్చుతోపాటు గుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది. ఇప్పుడు ఒక్కసారి నొక్కితే ఫోరం కొత్త వెర్షన్‌కు దానంతటదే మారిపోతోంది. అవ్వ లేదు. మొన్న పెట్టె సర్దుతుంటే ఆ మూట దొరికింది. అది ఎందుకూ పనికిరాదని నాకు బాగా తెలుసు. డాబా మీద ల్యాప్‌టాప్ ఎత్తుకొని నిలబడ్డ, ఇంకా నాలోనే ఉన్న ఆ పిల్లకు మాత్రం తెలిసినట్టు లేదు. రేపు దేన్నైనా అతకాల్సి వస్తే ఎట్లా అంటూ, నాచేత మళ్లీ గుడ్డలో చుట్టించి అక్కడే పెట్టించింది.