ఫలానా తాతగారు

చూఫూ ఊళ్లో కోంగ్ వారి శ్మశాన వనం చూడవచ్చే వాళ్లకు దారి చూపుతూ, కథలు చెబుతూ కోంగ్ ఫాన్‌లాన్ ముప్పై ఏళ్లు గడిపేసింది. లోకమంతా కన్ఫ్యూషియస్ అని పిలిచే పెద్దాయన ఆమెకు తాత. ఆయన నుంచి ఆమెది డెబ్బై నాలుగో తరం, వరసలో పెద్ద తరం. అందుకే గేటు దగ్గర టికెట్లు చింపే కోంగ్ దెషాన్, డెబ్బై దాటి ముందరి పళ్లు ఊడినా వరసలో మూడు తరాలు కిందివాడు, యాభై ఎనిమిదేళ్ల ఆమెను ముత్తవ్వా అంటాడు.

“ముత్తవ్వా, ఇవాళ తల నున్నగా దువ్వావే. మళ్లీ పరీక్షా?” అని అడిగాడు ఆ ఉదయం.

“మళ్లీనే. మెళ్లో గైడు బిళ్ల ఉంటదో ఊడుద్దో. ఊడితే నీ పళ్లకు తోడు” అంది ఫాన్‌లాన్.

నవ్వుతూనే అంది కానీ లోపల బెంగగానే ఉంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన పని అదొక్కటే. ఇంట్లో కూర్చుంటే తోచదు, ఆ దేవదారు చెట్ల కింద నడుస్తుంటే తోస్తుంది. పైవాళ్లు కొత్త నియమం పెట్టారు: గైడు చెప్పాల్సిన సంగతులు పన్నెండు, ఒక్కటి తప్పినా బిళ్ల వెనక్కి ఇచ్చెయ్యాలి. వసంతకాలంలో జరిగిన పరీక్షలో పదకొండు గడగడా అప్పజెప్పింది. పన్నెండోది పెద్దాయన సొంత పేరు. అది చ్యూ. మిట్ట అని అర్థం. బడికి పోయే ప్రతి పిల్లకూ తెలుసు. ఫాన్‌లాన్ నోటికి మాత్రం రాదు. కోంగ్ వారి పాతకాపులు పుస్తకంలో ఆ అక్షరం వచ్చిన చోటల్లా ‘ఫలానా’ అని చదివి ముందుకు పోయేవాళ్లు, తాత పేరు మనవలు పలకడం ఏమిటని. ఆమె కూడా “ఇంటిపేరు కోంగ్, సొంత పేరు ఫలానా” అనేసింది. పరీక్షకుడు ‘తప్పు సమాచారం’ అని రాసుకుపోయాడు. ఇవాళ్టిదే చివరి అవకాశం.

ఆ పరీక్షకుడి ఇంటిపేరు కూడా చ్యూ కావడం ఆమె ఖర్మ. ముప్పై ఏళ్ల కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాలు బిగించిన అట్ట. గేటు దగ్గర ఎదురవగానే ఆమె, “రండి ఫలానా సారూ” అంది.

“నన్ను కూడానా?” అన్నాడు ఆయన, మొహం మాడ్చుకుని.

ఆ రోజు సందర్శకురాలు న్యాంబురా, కెన్యా నుంచి వచ్చి జీనింగ్‌లో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పే టీచరు. సెలవు దొరికితే చాలు పెద్దాయన గుడులు, సమాధులు చూసుకుంటూ తిరుగుతుంది. చైనా భాష పుస్తకాల్లో నేర్చుకుంది, పుస్తకంలాగే మాట్లాడుతుంది. ముగ్గురూ రాతి సింహాలను దాటి, గడ్డి మొలిచిన పెద్దాయన సమాధి దిబ్బ ముందు ఆగారు. ఫాన్‌లాన్ పదకొండూ చెప్పింది.

“మహాశయుని నిజనామధేయము ఏమి?” అని అడిగింది న్యాంబురా, నోటుపుస్తకం తెరిచి.

పరీక్షకుడు కలం మూత తీశాడు. ఫాన్‌లాన్ ‘ఫలానా’ అనబోయి ఆపుకుంది.

ఆమెను ఆపింది భయభక్తులే అయితే వాటిని ఈపాటికి మింగేసేది. పద్నాలుగో ఏట ఆమె ఆ పేరు పలికింది. ఒకసారి కాదు, వందసార్లు. పెద్దాయనవి పనికిరాని పాత చదువులని, ఆయన్ని తిట్టాలని ఊరూరా సర్కారు హుకుం వచ్చిన ఏడు అది. బడిపిల్లల్ని వరసగా నిలబెట్టారు. గొంతు పెద్దదని ఆమెను ముందు పెట్టి మైకు చేతికిచ్చారు. పేరు పెట్టి, పిడికిలెత్తి అరిచింది. అరవడం బాగుంది కూడా, అందరూ మెచ్చుకున్నారు. పొలంలో ఉన్న నాన్నకు అంతా వినబడింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, “తాతను అంత గట్టిగా పిలవాలా అమ్మా? ఆయనకేం చెవుడు లేదు” అన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే అప్పుడే మర్చిపోయేది. ఆ తరవాత ఆ మాట ఆమె నోట రాలేదు.

“పిన్నిగారూ, ఒక్క మాట. చెప్పేయండి, వెళ్లిపోదాం” అన్నాడు పరీక్షకుడు. గొంతులో విసుగు కంటే జాలే ఎక్కువుంది.

“సారూ, మీ కాగితంలో నోటితో చెప్పాలని ఉందా?”

ఆయన అట్ట మీద వెతికాడు. “సందర్శకులకు తెలియజేయవలెను అని ఉంది.”

ఫాన్‌లాన్ మోకాళ్లు పట్టుకుని కూలబడి, ఎండుపుల్ల తీసుకుని దుమ్ములో అక్షరం రాసింది. ఐదు గీతల అక్షరానికి నాలుగే గీసి, ఒక నిలువు గీత వదిలేసింది.

న్యాంబురా వంగి చూసింది. “ఇందులో ఒక గీత లోపించినది.”

“కావాలనే ఆపా తల్లీ. ఆయన పేరు నిండుగా రాయరు మావాళ్లు. ఇదిగో, ఈ సారు ఇంటిపేరు చూడు, ఇదే అక్షరం, పక్కన తోకుంటది. వీళ్ల పెద్దోళ్లు ఉత్తది రాయటానికి జంకి తగిలించుకున్నారు.”

పరీక్షకుడు తన చొక్కా మీది పేరు బిళ్ల వైపు చూసుకున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఎప్పుడూ తలుచుకోలేదు, అంతే.

న్యాంబురా నిటారుగా నిలబడి, దిబ్బ వైపు తిరిగి, చేతులు కట్టుకుని, “కోంగ్ చ్యూ” అని మెల్లగా చదివింది.

నలభై నాలుగేళ్లుగా ఫాన్‌లాన్ చెవిలో ఆ పేరు తన గొంతుతోనే, మైకులో అరిచిన గొంతుతోనే మోగుతూ వచ్చింది. ఇప్పుడది ఒట్టి పేరులాగా, ఎవరో ఇంటి పెద్దను పలకరించినట్టు వినబడింది. ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

పరీక్షకుడు పన్నెండో గడిలో టిక్కు పెట్టాడు. జెండా పట్టుకుని వెనక ఇంకో గుంపు వస్తోంది. ఆయన ప్యాంటు మోకాళ్ల దగ్గర ఎగలాక్కుని వంగి, “తొక్కేస్తారు” అంటూ దుమ్ములోని అక్షరాన్ని అరచేత్తో చెరిపేశాడు.

ఫాన్‌లాన్ న్యాంబురా చేతిని పట్టుకుంది.

“ఇంకొక్కసారి అను తల్లీ. అట్లాగే, మెల్లగా.”