రెండో గోలీ

అమ్మకు బీపీ నూట యాభై ఉందని తెలిసిన రోజే మా తమ్ముడికీ నాకూ గొడవ మొదలైంది. రెండువేల ఆరో, ఏడో. అమ్మా తమ్ముడూ పాన్‌గల్ దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్నారు. నేను వనపర్తిలో టీచర్ని.

"గింతదానికే గోలీలెందుకక్కా? ఉప్పు తగ్గిద్దం, కొన్ని దినాలు సూద్దం," అన్నాడు వాడు.

"రేపు కాలూ చెయ్యీ పడిపోతె నువ్వు సూస్తవా?" అని వాడి నోరు మూయించాను. చదువుకున్నదాన్నన్న పొగరు నాకు కొంచెం ఎక్కువే. గోలీ మొదలైంది. నెలనెలా అమ్మను వనపర్తికి పిలిపించి చూపిస్తే మళ్లీ అదే నూట యాభై. డాక్టరు రెండో గోలీ కలిపాడు. దొంగతనంగా పచ్చడి తింటోందని ఫోన్లో అమ్మను కేకలేశాను. పాపం, ఆమె తింటున్నది చప్పటి పప్పే.

వేసవి సెలవుల్లో నేను ఊళ్లో ఉండగానే జరిగింది. విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్న అమ్మ లేచి నిలబడి, కళ్లు తిరిగి గడప మీద పడింది. నుదురు చిట్లి రక్తం. తమ్ముడు ఊరి నర్సమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె బీపీ చూసింది. తొంభై అయిదు! నమ్మలేక ఇంకోసారి చూడమన్నాను. మళ్లీ అంతే.

నర్సమ్మ మందుల చీటీలు తిరగేసింది. "పెద్దమ్మా, దవాఖానల బీపీ సూపించుకునే ముందు ఒంటికి పోయొస్తవా?"

అమ్మ సిగ్గుపడింది. "బస్టాండ్ల ఆడోళ్లు యాడ కూసుంటరమ్మా? పొద్దుగాల ఇంట్ల పోతె, మల్ల ఇంటికొచ్చినంకనే."

"గట్ల ఆపుకొని, ఉరికొచ్చి కూసుంటె బీపీ ఎక్కువనే సూపిస్తది మేడం," అంది నర్సమ్మ నావైపు తిరిగి.

ఏడాదిన్నరగా ఒక్కరమూ అడగని మాట. వనపర్తిలో దవాఖాన నుంచి మా ఇల్లు రెండు వీధుల అవతలే.

మర్నాడు వనపర్తి వెళ్తే డాక్టరు అంతా విని, అమ్మను కాసేపు కూర్చోబెట్టి చూసి, రెండో గోలీ ఆపేశాడు. ఇంటి దగ్గర కొన్నాళ్లు చూశాక మొదటి దాని సంగతీ చెబుతానన్నాడు. తమ్ముడు మందుల చీటీ నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక నా కోపం మళ్లీ అమ్మ మీదికే పోయింది. "ముందుగాల మా ఇంటికి పోదమని ఒక్కసారన్న చెప్పొద్దా అమ్మా?"

అమ్మ నుదుటి కట్టు సర్దుకుంది.

"మొదటిసారే సెప్పిన బిడ్డా. బడికి ఆలస్యమైతుంది, ముందు బీపీ సూపించుకుందం పా అంటివి."