గౌను ఊగే లెక్క

తాతయ్య కంప్యూటర్లు బిగించేవాడు. ఆఫీసుల్లో వాడేవి కావు, కుర్రాళ్ళు ఆటలాడుకునేవి. అవి ఇస్త్రీపెట్టెల్లా వేడెక్కి పిండిమరల్లా మోత పెట్టేవి. దుకాణమంతా కలిపి ఒకటే గది. మధ్యలో పరదా. పరదాకి వెనక తాతయ్య స్క్రూడ్రైవర్లు, ముందు అమ్మమ్మ కుట్టుమిషను. ఎవరి పని గొప్పదని అడిగితే తాతయ్య నవ్వి తప్పించుకునేవాడు. అమ్మమ్మ తప్పించుకునేది కాదు, తనదేననేది.

తాతయ్యకి ఒక పిచ్చి ఉండేది. ప్రాసెసర్‌కి పుట్టుకతోనే లోపల తెర మీద బొమ్మలు గీసే చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. ఆటలకి అది చాలదని విడిగా పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెడతారు. పెద్దది వచ్చిన దగ్గర్నుంచి చిన్నది పెళ్ళింట్లో ఎవరూ పలకరించని చుట్టంలా ఓ మూల కూర్చుంటుంది. దాని చేత పని చేయించాలన్నది తాతయ్య పంతం. ఆటలో రాయి దొర్లాలన్నా, నీళ్ళు చిందాలన్నా, బట్ట ఊగాలన్నా వెనకాల భౌతికశాస్త్రం లెక్కలుంటాయి. లెక్క చిన్నదానికి, బొమ్మ పెద్దదానికి అప్పజెబితే ఆట తడబడకుండా సాగుతుందని ఆయన నమ్మకం.

“ఇంట్లో ఒకరు వండుతుంటే ఇంకొకరు ఊరికే కూర్చుంటారా?” అనేవాడు.

“ఆ ముక్కేదో గుర్తుపెట్టుకుని ఈ ఉల్లిపాయలు తరగండి,” అనేది అమ్మమ్మ.

రాయి లొంగింది. నీళ్ళూ లొంగాయి. బట్ట మాత్రం మొండికేసింది. తెర మీద ఎర్ర గౌను వేసుకున్న పిల్ల గిర్రున తిరిగితే గౌను అట్టముక్కలా లేచేది. అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, గంజి ఎక్కువైందని తీర్పు చెప్పింది. ఆ పూట నుంచి ఆవిడే గురువు. తాతయ్య ఆవిడని బట్ట దులపమనేవాడు, మళ్ళీ దులపమనేవాడు, కింద కూర్చుని పైకి చూస్తూ ఇంకోసారి అనేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ఈ తతంగం చూసి మెల్లగా గుమ్మం దాటేవారు. బట్ట వాలేది అంచు బరువుకేననీ, ఆ బరువు మడిచి కుట్టిన చోట ఉంటుందనీ అమ్మమ్మ చెప్పింది. తాతయ్య తన లెక్కలో అంచుకి బరువు పెట్టాడు. గౌను మెత్తబడింది.

అంతా బాగుందనుకుంటుండగా అమ్మమ్మ పక్కనే ఉన్న కత్తెర కోసం తడుముకోవడం మొదలుపెట్టింది. చూపు అంచుల నుంచి మూసుకొస్తోందని, మందులతో నెమ్మదిస్తుందే తప్ప పోయింది తిరిగి రాదని కంటి డాక్టరు చెప్పాడు. ఇద్దరూ తిరిగొచ్చారు. దుకాణం తలుపు తీశాక అమ్మమ్మే అంది.

“పూర్తిగా పోయేలోపు ఆ పిల్ల గౌను ఒక్కసారి సరిగ్గా ఊగితే చూడాలనుందండీ. జన్మంతా కుట్టినదాన్ని కదా.”

ఆ ‘సరిగ్గా’ అన్న మాటని తాతయ్య పట్టుకున్నాడు. పట్టుకుంటే వదిలే మనిషి కాదు. చిన్నది లెక్క చేసి పెద్దదానికి అందించేసరికి కనురెప్పపాటు ఆలస్యమయ్యేది. పిల్ల తిరిగేశాక గౌను తిరిగేది. మనబోటివాళ్ళకి అదేం కనపడదు. తాతయ్యకి మాత్రం కంట్లో నలుసు. పనితనం తెలిసిన మనిషికి అలాంటిది చూపించడమా అని ఆగాడు.

కూతురు వచ్చి పోరింది. “ఉన్నది ఉన్నట్టు ఈ రోజే చూపించు నాన్నా. రేపటికి అమ్మకి కనపడుతుందో లేదో.”

“కుట్టు వంకరగా ఉంటే మీ అమ్మ బట్ట బయటికిస్తుందా?” అన్నాడాయన.

వానాకాలం వెళ్ళిపోయింది. నడుం నొప్పి అంటూ అమ్మమ్మ మిషను మీద గుడ్డ కప్పేసింది. పరదా వెనక మునిగిపోయిన మనిషికి అది నడుం నొప్పిగానే వినిపించింది. చివరికి ఓ ఉదయం తట్టింది ఉపాయం. గౌనుని తొందరపెట్టడం కాదు, లెక్క అందేదాకా పిల్లనే ఆపాలి. అప్పుడు ఇద్దరూ కలిసే తిరుగుతారు. అలాగే చేశాడు. ఎర్ర గౌను పిల్లతో పాటు తిరిగి, పిల్ల ఆగాక నిదానంగా వాలింది.

ఉరుకులు పరుగుల మీద కంప్యూటర్‌ని, తెరని అమ్మమ్మ కుర్చీ ముందుకి మోసుకొచ్చాడు. బల్ల కింద దూరి పెట్టె వెనక తడుముతూ తెర తీగ గుచ్చి మీట నొక్కాడు. ఫ్యాన్లు హోరెత్తాయి. కాసేపాగి, ఇదిగో, తిరుగుతోందా అని కింద నుంచే అడిగాడు.

“అబ్బ, ఎంత బాగుందండీ,” అంది అమ్మమ్మ. “అంచు చూడండి, ఎంత నెమ్మదిగా వాలుతోందో. ఇప్పుడు గంజి లేదు.”

తాతయ్య పొంగిపోయి తల బయటపెట్టాడు. తెర నల్లగా ఉంది.

పెట్టె వెనక తెర తీగకి రెండు చోట్లుంటాయి, ఒకటి చిన్నదానిది, ఒకటి పెద్దదానిది. చిన్నదానికి బొమ్మల పని పూర్తిగా మాన్పించి లెక్కలకే కూర్చోబెట్టింది తాతయ్యే. తొందరలో తీగని ఆ చిన్నదాని చోటులోనే గుచ్చాడు, దాంతో బొమ్మ రాలేదు. కొత్తగా కంప్యూటర్ కొన్న కుర్రాళ్ళు ఈ పని చేస్తే కళ్ళు నెత్తికెక్కాయా అని తిట్టేవాడు.

అమ్మమ్మ నల్లటి తెర వైపు ముఖం పెట్టి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు కూడా తెరకి కాస్త పక్కగా పోతోంది. ఎప్పట్నుంచి అని అడగబోయి తాతయ్య నోరు నొక్కుకున్నాడు. అడిగితే, తన కోసం ఆవిడ ఆడుతున్న ఆ ఒక్క అబద్ధం కూడా ఆవిడకి మిగలదు. మళ్ళీ బల్ల కింద దూరి తీగ మార్చాడు. బయటికి రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

“ఏమయింది, ఆపేశారా?”

“లేదే. నడుస్తోంది.”

“ఆపకండి. ఇంకాసేపు చూస్తాను.”

తాతయ్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని ఆవిడ ముఖమే చూస్తూ ఉండిపోయాడు. తెర మీద పిల్ల తిరుగుతోంది. గౌను ఎంత సరిగ్గా ఊగుతోందో చూసేవాళ్ళు ఆ గదిలో లేరు.